తొమ్మిదీ పదమూడూ

వ్యాను ఇరుసు విరిగినచోట మాకా ఊరు దొరికింది.
పక్కనే కునర్ నది, రాళ్ళు తోముకుంటూ
బూడిదరంగులో పోతోంది.
డ్రైవరు షేరాలమ్ టైరును ఒక తన్ను తన్ని
"రేపు" అన్నాడు.
ఆ మాట ఏ భాషలో అన్నా తెలిసిపోతుంది.

సందు మలుపులో ఎదురైన పెద్దాయన
గుండెమీద చెయ్యి వేసుకుని
"స్తడే మషే" అన్నాడు.
అలసిపోకు, అని అర్థమట.
ఎక్కడినుంచని కాదు, ఎందుకొచ్చావని కాదు.
రెండ్రోజులుగా దుమ్ము తింటున్న మనిషికి
మొదట చెప్పాల్సింది అదేనని
ఇన్ని ఊళ్ళు తిరిగినా నాకెప్పుడూ తోచలేదు.

సాయంత్రం హుజ్రాలో పాట.
మగవాళ్ళ చావడి అది, గుమ్మందాకా రానిచ్చారు.
జర్వలీ ఒళ్ళో రబాబ్,
మల్బరీ మొద్దు ఒక్కటే తొలిచి చేసిందట,
నడుం నొక్కిన పడవలా ఉంది.
కడుపుకి మేకతోలు.
"మీటేవి మూడే" అని వేళ్ళతో చూపించాడు.
మరి మిగతా తీగలు?
తన చెవి పట్టుకుని నవ్వాడు.
అవి వింటాయి.

ఇంతలో ఓ పిల్ల నా చున్నీ పట్టి లాగింది.

గోడకి ఇవతల, సోలారు బల్బు కింద
ఏడుగురు ఆడవాళ్ళు, ఒక ఉయ్యాల, ఎండు మల్బరీ పళ్ళు,
యాలకుల వాసనతో పచ్చటి టీ.
కోడలు స్పొగ్మై
టీవీ సీరియళ్ళలో నేర్చిన హిందీ మాట్లాడుతోంది.
అందుకేనేమో, బెల్లం ఇంకో ముక్క వేసుకో అన్నా
గొంతులో ఏడుపు జీర.

అవతల మొదలైంది.
తియ్యగా లేదు రబాబ్.
పచ్చి వక్క కొరికినట్టు ముందు వగరు,
నాలుక ముడుచుకుని, ఇక చాలనుకునేసరికి
చెవులు వేడెక్కాయి.
కింద ఎవరో కుండ వాయిస్తున్నారు,
అరచేత్తో దాని మూతి మూస్తూ, తీస్తూ,
కుండ ఊపిరి పీలుస్తున్నట్టుంది.
అప్పుడొక గొంతు లేచింది,
కొండమీదున్న వాళ్ళని పిలిచే గొంతు.

"టప్పా" అంది స్పొగ్మై. రెండే పాదాలు.
మన ద్విపదలా జోడు నడక కాదు,
ఒక పాదంలో తొమ్మిది అక్షరాలు, ఇంకోదాంట్లో పదమూడు.
ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు.
అయినా ఈ కొండలన్నీ ఎక్కి దిగుతూనే ఉంది.

*నా కుండ నిండలేదు ఇంకా
ఏటి ఆవల నీ గుర్రం నీళ్ళు తాగనీ*

మూలన మంచంమీద తోర్పెకై అవ్వ
చప్పున నాలుక చప్పరించింది.
ఒక కంట్లో పువ్వు, రెండో కన్ను గోడ మీద.
"తప్పు పాడుతున్నాడు" అంది.
"వాడూ తప్పే, వాళ్ళ నాన్నా తప్పే.
మగాడి నోట్లో పడితే ఆడదెప్పుడూ ఎదురుచూస్తూనే ఉంటుంది."

నీళ్ళ డబ్బా బోర్లించి
వెండి ఉంగరంతో టక్కున కొట్టింది.
రహస్యం చెప్పేంత గొంతుతో పాడింది,
గోడ దాటనివ్వకుండా:

*నా కుండ నేనే ఒంపేశాను
ఏటి ఆవల నీ గుర్రం నీళ్ళు తాగనీ*

ఏడుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.
ఉయ్యాల్లో పిల్లాడు ఉలిక్కిపడి మళ్ళీ నిద్రపోయాడు.
"ఎవరు కట్టారు అవ్వా ఇది?" అన్నాను.
స్పొగ్మై ఆ ప్రశ్న అడగలేదు.
అవ్వ మాత్రం వినపడనట్టు
ఉంగరం తిప్పుకుంటోంది.

గోడ అవతల జర్వలీ చెయ్యి ఆపాడు.
మీటని తీగలు ఇంకాసేపు మోగాయి.

తెల్లారి వ్యాను దగ్గ దగ్గుతూ కదిలింది.
గుమ్మం లోపలినుంచి అవ్వ గొంతు: స్తడే మషే.
రాత్రంతా వల్లె వేసిన జవాబు
తడబడుతూ చెప్పాను: ఖ్వార్ మషే.
నువ్వు చితికిపోకూడదు అని.
లోపలెవరో నవ్వారు, నా పలుకుబడికే అయుండాలి.

దారిలో షేరాలమ్ కూనిరాగం.
అదే టప్పా, చావడిలో పాడిన తప్పుతో సహా.
దిద్దుదామనుకున్నాను.
దిద్దేంత భాష లేదు నా దగ్గర,
ఉన్నా, ఆ మాట నాకిచ్చింది గోడకి ఇవతల.

నది మళ్ళీ రోడ్డు పక్కకొచ్చింది.
నా సీసాలో నీళ్ళు సగానికి పైనే ఉన్నాయి.
మూత తిప్పి, కిటికీలోంచి చెయ్యి చాచి
చుక్క మిగలకుండా ఒంపేశాను.

"ఓబ" అన్నాను అతని భుజం తట్టి.
"నీళ్ళయిపోయాయి. ఆపు."